మూతి దగ్గరి వేగం

తుపాకుల వ్యాపారంలో లాభం తుపాకి మీద రాదు, తూటాల మీద వస్తుంది. లైసెన్సున్న రైతు తుపాకి జన్మలో ఒకసారి కొంటాడు. తూటాలకు మాత్రం మొక్కజొన్న కంకి పాలు పోసుకున్న ప్రతిసారీ వస్తాడు, ఎందుకంటే నల్లమల అడివి పందులకు కూడా ఆ పాలకంకే ఇష్టం. ఆత్మకూరు బజారులో మా నాయన పెట్టిన అంగడి ఆ పందుల పుణ్యాన నిలబడింది. నా పేరు తల్లం మార్కండేయులు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ, అందరికీ శెట్టినే.

ఆ ఏడు చవగ్గా వస్తున్నాయని ఒక కొత్త కంపెనీ తూటాలు దించాను. పైరు కోతకు రాకముందే రైతులు అంగట్లోకి వచ్చి ఎగతాళి మొదలుపెట్టారు.

"శెట్టీ, నీ తూటా తగిలిన పంది దురద తీరినట్టు ఒళ్ళు దులుపుకొని పాయ" అన్నాడొకాయన.

కంపెనీకి ఫోన్ చేశాను. "పెట్టె మీద రాసిన వేగం గొట్టం మూతి దగ్గరిదండీ. మీరు అక్కడ కొలిచి చూశారా?" అని అడిగారు, కొలవలేదని తెలిసే. మూతి దగ్గర ఎవరూ కొలవరు. మంట, పొగ, గుండ్లతో పాటు ఎగిరే అట్టబిళ్ళ, అన్నీ అక్కడ ఒక్కసారే బయటపడతాయి, ఏ మీటరైనా తికమక పడుతుంది. అందుకని కాస్త అవతల పెట్టి కొలిచి, వెనక్కి లెక్క కట్టుకుంటారు. వెనక్కి కట్టే లెక్కలో ఎవడికి కావలసింది వాడు కలుపుకోవచ్చు.

మా అమ్మాయి ప్రణీత బెంగళూరులో ఫిజిక్స్ పరిశోధన చేసింది. థీసిస్ ఇచ్చేసి ఇంట్లో ఉంది. అన్నం దగ్గర నేను కంపెనీని తిట్టుకుంటుంటే విని, "నేను కొలిచిపెడతా నాన్నా, మూతి దగ్గరే" అంది.

"తినేటప్పుడు తుపాకుల మాటలొద్దంటే వినరు" అంది నా భార్య అనసూయ, మజ్జిగ పోస్తూ.

ప్రణీత చేసిన మీటరు జానెడు పొడవు గొట్టం. లోపల రెండు స్ఫటికపు ఉంగరాలు, తను ల్యాబులో పెంచినవట. పొగనూ మంటనూ అవి పట్టించుకోవని, సీసం దాటితేనే కదులుతాయని చెప్పింది. గుండ్లు మొదటి ఉంగరం దాటితే ఒక పచ్చదీపం వెలుగుతుంది. రెండోది దాటితే రెండో దీపం. మధ్యలో పట్టిన కాలాన్ని బట్టి తెర మీద వేగం పడుతుంది.

ఊరి బయట పాత నాపరాళ్ళ క్వారీలో మా అంగడికి పరీక్ష పేల్చుకునే పర్మిషన్ ఉంది. అక్కడ ఇసుక మూటల ముందు బల్లకు మా పన్నెండు బోరు ఒంటిగొట్టం తుపాకి బిగించాం. మొదట ప్రణీత మీటరు రెండు మూరల అవతల పెట్టింది. పేల్చాను. చప్పుడు, వెంటనే అంకె. కొత్త తూటా సెకనుకు తొమ్మిది వందల అడుగులు కూడా అందుకోలేదు, పెట్టె మీద రాసినదానికి చాలా తక్కువ. నాకు కావలసిన సాక్ష్యం దొరికింది, ఇంటికి పోదామన్నాను. ప్రణీత వినలేదు. మూతి దగ్గర కొలవందే కంపెనీ నోరు మూయదంది.

మూర దూరానికి జరిపింది. తర్వాత జానెడు. జానెడు దగ్గర చప్పుడు, అంకె కలిసే వచ్చినట్టనిపించింది. నాలుగు వేళ్ళ దూరానికి తెచ్చి, పక్కకు తప్పుకొని, "ఊఁ, కానీ" అంది. నేను ట్రిగ్గరు మీదికి వేలు తీసుకుపోతుండగానే రెండు దీపాలూ వెలిగాయి.

"చప్పుడు రాలేదే?"

"నేనింకా నొక్కలేదు" అన్నాను.

ఇద్దరం తెర చూశాం. ఎనిమిది వందల డెబ్బై. నేను నొక్కాను. తుపాకి పేలింది. తెర మీద అంకె మారలేదు. మీటరు ఆ దెబ్బనే కొలిచింది, కాకపోతే కాస్త ముందు.

ప్రణీత మీటరును మూతికి ఆనించి బిగించింది. గొట్టంలో తూటా లేదు. అయినా దీపాలు వెలిగాయి. వెయ్యిన్నీ నూట అరవై.

నాకు నవ్వొచ్చింది. మా దగ్గరున్నవన్నీ ఆ చచ్చు తూటాలే, వాటికంత వేగం ఎక్కడిది. "నీ యంత్రం చెడిపోయింది తల్లీ."

"అయితే ఇప్పుడు పేల్చొద్దు. ఇంటికి పోదాం" అంది.

తుపాకిని అంగట్లో గోడకు తగిలించి ఆ సంగతి మరిచిపోయాను. కొన్నాళ్ళకు బ్యాంకు గార్డు మస్తాన్ వలి తన పాత తూటాలు పట్టుకొచ్చాడు. మంచి కంపెనీవే, బీరువాలో ఏళ్ళుగా పడి ఉన్నాయి, పనికొస్తాయో లేదో చూడమన్నాడు. అంగడి వాడుక ప్రకారం గోడ మీది తుపాకితో క్వారీలో ఒకటి పేల్చి చూపించాం. మీటరు రెండు మూరల అవతల పెట్టి ప్రణీతే కొలిచింది. వెనక్కి లెక్క కట్టి, కాగితం నా చేతిలో పెట్టింది. వెయ్యిన్నీ నూట అరవై. మస్తాన్ వలి సంతోషంగా వెళ్ళిపోయాడు. ఆ రోజు ఖాళీ గొట్టం దగ్గర పడిన అంకే అది.

"దూరంగా పెడితే జరిగిపోయినదాన్ని కొలుస్తుంది నాన్నా. మూతికి ఆనిస్తే, ఆ మూతి నుంచి తర్వాత వచ్చే దెబ్బను కొలుస్తోంది. అది రేపొచ్చినా, ఏడాదికొచ్చినా."

"ఎందుకట్ల?"

"తెలీదు" అంది. చిన్నప్పటి నుంచీ అడిగినదానికల్లా జవాబు చెప్పే పిల్ల.

నాకు మొదట వచ్చిన ఆలోచన ఎవరికి అమ్మొచ్చు అనే. వ్యాపారం చేసేవాడికి అది తుమ్ము లాంటిది, ఆపుకుంటే ఆగేది కాదు. పోలీసులు కొంటారు, ఇన్సూరెన్సు వాళ్ళు కొంటారు అనుకుంటూ పోయాను. అందరికంటే ఎక్కువ పెట్టి కొనేది ఎవడా అని చూస్తే, ఒకణ్ణి చంపాలనుకుని ధైర్యం చాలక తచ్చాడేవాడు. తన తుపాకి పేలుతుందని ముందే తెలిస్తే వాడికి ఆ ధైర్యం కూడా వచ్చేస్తుంది. అంత మంచి గిరాకీ ఉన్న సరుకును నేను అంగట్లో పెట్టదలచుకోలేదు. ప్రణీత కూడా దాని గురించి ఎవరికీ రాయనంది.

అయినా ఉన్న యంత్రాన్ని వాడకుండా ఉండటం కష్టం. అమ్మకానికున్న తుపాకులన్నిటికీ ఆనించి చూశాం. అంకె పడిన తుపాకి ఎలాగూ అమ్ముడుపోతుందని తెలుసు కాబట్టి దాని మీద నేను బేరం తగ్గించేవాణ్ణి కాదు. ఆ ఎండాకాలం అంతా అదొక సరదాగా సాగింది.

తర్వాత ఎలక్షన్లు వచ్చాయి. ఎలక్షన్ల నోటిఫికేషన్ పడగానే లైసెన్సున్న ప్రతివాడూ తుపాకిని పోలీసు స్టేషనులోనో, మాలాంటి అంగట్లోనో అప్పగించి రసీదు తీసుకోవాలి. ఫలితాలు వచ్చాక తిరిగి తీసుకుపోతారు. స్టేషనులో తుప్పు పడుతుందని, మేమైతే నూనె పెట్టి ఉంచుతామని, మండలంలో సగం తుపాకులు అంగడికీ ఇంటికీ మధ్య ఉన్న మా స్ట్రాంగురూముకే వస్తాయి.

అన్నీ గోడకు వరుసగా నిలబెట్టాక, ప్రణీత మీటరు తీసుకుని ఒక్కో మూతికీ ఆనిస్తూ పోయింది. నేను వెనక నూనెగుడ్డతో తుడుస్తూ పోయాను. పందుల మీద పేలబోయే అంకెలు, పందుల అంకెలు. కొన్నిటికి ఏ దీపమూ వెలగలేదు, అవి ఇక పేలవన్నమాట. చివర్లో ఒక ఒంటిగొట్టం దగ్గర ప్రణీత ఆగిపోయింది. తీసి, మళ్ళీ ఆనించింది. స్ఫటికాలు తుడిచి మళ్ళీ చూసింది.

మొదటి దీపం వెలిగింది. రెండోది వెలగలేదు. తెర ఖాళీగా ఉంది.

"ఏమది?"

"గుండ్లు మొదటి ఉంగరం దాటాయి. రెండోదాని దాకా రాలేదు." గొంతు తగ్గించి చెప్పింది. "మధ్యలో ఉండేది నాలుగు వేళ్ళ దూరమే నాన్నా. అంతలోపలే ఆగిపోయాయి."

నాకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. గొట్టం మూతి ఎక్కడైనా ఆనించి పేలిస్తేనే అట్లా అవుతుంది. పందికి ఎవరూ తుపాకి ఆనించి పేల్చరు.

రసీదు చీటీ చూశాను. కొత్తబురుజు ఓబులమ్మది.

ఓబులమ్మ మా పాత గిరాకీ. మొగుడు మద్దిలేటి కిందటేడు కామెర్లతో పోయాడు. లైసెన్సు తన పేరు మీదికి మార్పించుకోవడానికి ఆఫీసుల చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో నాకు తెలుసు, సంతకాల కోసం నేనూ వెంట పోయాను. మద్దిలేటి చొక్కా చీర మీద తొడుక్కుని, మంచె మీద ఒక్కతే కూర్చుని చేను కాస్తుంది. పిల్లల్లేరు. మరిది ఒకడున్నాడు, భూమి మీద కన్నేసి. ఆ మూతి ముందు ఎవరున్నారో మీటరు చెప్పదు. చెప్పకపోయినా నాకు మరిది మీద అనుమానం రాలేదు. ఓబులమ్మ తనకు తనే ఆనించుకుంటుందేమోనని వచ్చింది.

ఆ మధ్యాహ్నం మేం అన్నం సగంలో వదిలేశాం.

"ఇవ్వకుండా ఉంచేద్దాం. ఏదో ఒకటి చెబుతా" అన్నాను.

"ఉంచేస్తే ఇక్కడ పేలుతుంది" అంది ప్రణీత.

"గొట్టం కోసేస్తా."

"కోసేటప్పుడే పేలుతుందేమో. పేలుతుందని మాత్రం రాసుంది కదా."

అనసూయ చెయ్యి కడుక్కుని మా ఇద్దరి ముందూ కూర్చుంది. "ఆనించి పేల్చాలి, అంతేగా అది చెప్పేది? మనిషికే ఆనించాలని ఉందా?"

అప్పుడు నాకు దారి దొరికింది. ఎవరి పేరు మీదైనా చెల్లే వ్యాపారుల హుండీ కాగితం లాంటిదే ఇది అనుకున్నాను. ఎవరు చెల్లించినా చెల్లినట్టే. అప్పగింత తుపాకి పేల్చడం నేరం, తెలిస్తే నా లైసెన్సు పోతుంది. పోతే పోనీ అనుకుని, గుడ్డలో చుట్టి క్వారీకి తీసుకుపోయాం. ఇసుక మూటకు గొట్టం ఆనించి, బల్లకు బిగించి, తాడు కట్టి దూరం నుంచి లాగాను. మూట చీలి ఇసుక పైకి లేచింది. చెల్లిపోయింది అనుకున్నాను. గొట్టం పాడైందేమోనని తడిమి చూశాను, ఏమీ కాలేదు.

ప్రణీత మీటరు ఆనించింది. మొదటి దీపం వెలిగింది. రెండోది వెలగలేదు.

ఇంకో మూట పెట్టాను. మళ్ళీ లాగాను. మళ్ళీ అదే. ఇంకోటి. నా చేతులు దుమ్ము కొట్టుకుపోయాయి, చెవులు హోరెత్తుతున్నాయి, ఆ ఒక్క దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. నాలుగో మూటకు పోబోతుంటే ప్రణీత వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఆపు నాన్నా. అది ఆమెను చూపించట్లేదు, నిన్ను చూపిస్తోంది. నువ్వు పేలుస్తావు కాబట్టి అట్లా పడుతోంది, అట్లా పడుతోంది కాబట్టి నువ్వు పేలుస్తున్నావు."

"అయితే మొదట్నుంచీ ఆమెకేమీ లేదా?"

"ఉందో లేదో ఇంక తెలీదు. మనం పేల్చి చెరిపేశాం."

"ఇప్పుడు ఆపేస్తే?"

"ఆపేద్దాం. ఆపినాక కూడా అట్లే ఉంటే, అది మన ఇసుక దెబ్బ కాదు."

ఆపేశాం. ఆ దీపం అట్లే ఉంది. మర్నాడూ ఉంది. ఫలితాలు వచ్చాయి, రైతులు వచ్చి తుపాకులు తీసుకుపోతున్నారు, ఆ ఒక్క మూతి దగ్గర మాత్రం సగమే వెలుగుతున్న మీటరు. ఆ దెబ్బ మాలో ఎవరిదైనా కావచ్చు కాబట్టి ఇంట్లో ఎవరమూ స్ట్రాంగురూము వైపు ఒంటరిగా పోవడం మానేశాం. ఎవరైనా ఆ తలుపు దగ్గర ఎక్కువసేపు నిలబడితే మిగతావాళ్ళు ఏదో పని చెప్పి పిలిచేవాళ్ళం. తాళం చెవి నేను ఎక్కడ పెడుతున్నానో అనసూయ చూస్తోందని నాకు తెలుసు. ఆమె చూస్తోందని నేను గమనిస్తున్నట్టు ఆమెకూ తెలుసు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒకరినొకరం అట్లా చూసుకోలేదు.

ఓబులమ్మ వచ్చింది. అంగడి మెట్టు మీద వక్కాకు ఊసి, లోపలికొచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఏం శెట్టీ, అందురివీ ఇచ్చినావంట. నాదానికి మాత్రం పెండ్లి సంబంధం ఏమన్నా సూస్తాండావా?"

"స్ప్రింగు లూజైంది ఓబులమ్మా. రిపేరుకు పెట్టినా."

"ఏదీ, తే సూస్తా."

తప్పలేదు. తెచ్చి ఇచ్చాను. గొట్టం కిందికి వంచి తెరిచి, ఒక కన్ను మూసి లోపలికి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"నేను తుడిసి ఇచ్చినా. ఎవరు కాల్సినారు దీన్ని?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. అప్పటికే ప్రణీత వెనక నుంచి వచ్చి, "మేమే కాల్చినాం పెద్దమ్మా" అంది. మీటరు తెచ్చి బల్ల మీద పెట్టి, మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. మస్తాన్ వలి తూటా, ఇసుక మూటలు, అన్నీ. మూతికి ఆనించి చూపించింది. ఒక దీపం.

ఓబులమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఆ దీపం వైపు, పక్కింటివాళ్ళ పిల్లను చూసినట్టు, ఎవరి పోలికో గుర్తు పట్టేటట్టు చూసింది.

"ఇసకా మనిసా అని సెప్పదా ఇది?"

"చెప్పదు."

"ఎప్పుడనీ సెప్పదా?"

"చెప్పదు పెద్దమ్మా."

చొక్కా జేబులోకి చెయ్యి పోనిచ్చి ఒక తూటా తీసి బల్ల మీద నిలబెట్టింది. జేబులో ఉండీ ఉండీ ఎర్రరంగు పోయి, ఇత్తడి అడుగు మెరుగుపట్టి ఉంది.

"మద్దిలేటి పోయినప్పట్నుంచీ ఈ జోబీలోనే ఉండాది. ఇది పందులకని పెట్టుకున్నేది కాదు శెట్టీ."

బయట బజారులో ఎవరో ఆటో హారన్ కొడుతున్నారు.

"మీటరేమో ఊరికే సెప్పల్యా. పదండి ఆ గుంత కాడికి" అని లేచింది.

క్వారీలో ఇసుక మూట నేనే పెట్టాను. బల్లకు బిగించబోతే వద్దంది. ఆ తూటా తనే ఎక్కించుకుని, గొట్టాన్ని మూటకు ఆనించి, తుపాకి మడమను భుజానికి నొక్కిపెట్టి పేల్చింది. వెనక్కి తూలి నిలదొక్కుకుంది. చీలిన మూట లోంచి ఇసుక కాళ్ళ మీద పడుతుంటే కదలకుండా చూస్తూ ఉండిపోయింది. ప్రణీత దగ్గరికి పోయి, ఆమె చేతిలోని తుపాకికి మీటరు ఆనించింది. నేను చూడకుండా తల తిప్పుకున్నాను.

"ఇంగా అట్లే ఉండాదా పాపా?"

"ఉంది పెద్దమ్మా."

"అయితే రేపొస్తా" అంది ఓబులమ్మ.

"ఎందుకు?" అన్నాను.

"ఎవురో ఒకరు పేల్చాల గదా. మీరు పేల్చేది యాలా, నేనే వచ్చి పేలుస్తా. తుపాకి నీ కాడే పెట్టుకో. ఇంట్లో పెట్టుకుంటే..." ఆగి, చొక్కా దులుపుకుంది. "నీ కాడే పెట్టుకో."

మర్నాడు మొదటి బస్సుకు దిగింది. నేను తుపాకి, మూట, ఒక తూటా పట్టుకుని క్వారీకి పోయాను. పేల్చింది. మీటరు చూశాం. ఒక దీపం. "రేపొస్తా" అంది. ఆ మర్నాడూ వచ్చింది. తూటా ఊరికే ఇస్తానంటే ఒప్పుకోలేదు. "అప్పనంగా ఇచ్చే తూటా నాకొద్దు, తుపాకి పెట్టుకున్నందుకు కిరాయి కూడా అడుగుతావు రేపు" అంది. నేనూ ఇష్టంగానే తీసుకున్నాను. కొనుక్కునే మనిషి రేపటి గురించి ఆలోచిస్తున్నట్టే.

అట్లా పడిపోయింది వాడుక. పేల్చాక మా ఇంటికొచ్చి, అనసూయ చేసిన బొరుగుల ఉగ్గాని తినేది. "అనసూయమ్మా, నీ ఉగ్గానిలో ఉప్పు శెట్టి తూకం ఏసినాడేమో, తక్కువ పడింది" అనేది. పందులను ఖాళీ డబ్బాలు కొట్టి తరుముతున్నానని, వాటికి డబ్బా చప్పుడు అలవాటై చిందులేస్తున్నాయని చెప్పి నవ్వించేది. మరిది చేను గట్టు రాయి జరిపితే వాడి ముందే తిరిగి నాటిందట. మెల్లగా ఆ చొక్కా జేబులో వక్కాకు సంచి చేరింది.

మీటరు మాత్రం మారలేదు. ఎప్పుడు ఆనించినా ఒకటే దీపం. మొదట్లో అది చూడకుండా తల తిప్పుకునేవాణ్ణి. పోను పోను దాని కోసమే పొద్దున్నే లేచేవాణ్ణి. ఆ దీపం వెలిగిందంటే ఇంకో ఇసుక మూట చీలుతుంది, ఓబులమ్మ ఇంకోసారి వస్తుంది. ప్రణీతకు బెంగళూరు నుంచి ఉద్యోగం కాగితం వచ్చింది. చేరనని రాసేసింది. ఎందుకని నేను అడగలేదు. మీటరును చూడ్డం తనకొక్కదానికే సరిగ్గా వచ్చు.

కార్తీకం ముందర వాన పట్టుకుంది. తుపాను వాన. కొత్తబురుజు వాగు పొంగి బస్సులు నిలిచిపోయాయి, ఫోన్లు పోయాయి. ఓబులమ్మ రాలేదు. వాగు తగ్గలేదు కాబట్టి రాలేదని చెప్పుకున్నాం. మర్నాడూ రాలేదు. వాగు అవతల మిద్దెలు రెండు మూడు కూలాయని లారీ డ్రైవరు ఒకాయన చెప్పాడు, ఎవరివో తెలీదన్నాడు. వాన తెరిపిచ్చాక మనిషిని పంపిస్తే, నీళ్ళు ఇంకా ఛాతీ లోతున్నాయని వెనక్కొచ్చాడు.

ప్రణీత మూతికి మీటరు ఆనించింది. మొదటి దీపం వెలిగింది.

"ఉంది" అన్నాను. నా గొంతులో సంతోషం నాకే వినిపించింది. "పేలుతుందంటే ఆమె వస్తుందనేగా."

ప్రణీత స్ట్రాంగురూము తలుపు దగ్గరగా వేసి, "ఈ తుపాకి చేతికందేది నలుగురికి నాన్నా. ఆమె రాకపోతే, మిగిలేది మనం ముగ్గురమే" అంది.

అనసూయ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. "మీరే పోయి ఒకటి ఇసకలో పేల్చి రండి" అంది. "మనలో ఎవరి మీదికీ రాకుండా చెల్లిపోతుంది. ఆ పని మీరు చేసిందేగా ముందు."

చేసిందే. తేలికైన పని. గొట్టం మూటకు ఆనించి తాడు లాగితే అయిపోతుంది, ఈ ఇంటికి ముప్పు తప్పుతుంది. నేను తాళం తీసి తుపాకిని చేతిలోకి కూడా తీసుకున్నాను. గొట్టం చల్లగా ఉంది. అప్పుడు తట్టింది నాకు. ఆ ఒక్క దెబ్బ తప్ప ఓబులమ్మ బతికున్నట్టు చెప్పేది ఈ లోకంలో నా దగ్గర ఇంకేదీ లేదు. అది నేను వాడుకుంటే, ఆమె రాకపోయినా లెక్క సరిపోతుంది.

తుపాకిని మళ్ళీ గోడకు నిలబెట్టాను.

"ఆమెది. ఆమే వచ్చి పేల్చుకుంటుంది" అన్నాను.

"రాకపోతే?" అంది అనసూయ.

నేను స్ట్రాంగురూముకు తాళం వేశాను. ఆమె వంటింట్లోకి పోయి బొరుగులు నానబెట్టింది. నలుగురికి సరిపోయేటట్టు నానబెట్టిందని నాలుగుసార్లు కొలిచి పోసిన చప్పుడును బట్టి తెలిసింది.

మేం ముగ్గురం ఇప్పుడు ఒకే గదిలో కూర్చుంటున్నాం. ఎవరు లేచినా ఎక్కడికని అడుగుతున్నాం. పొద్దున్నే నేను క్వారీకి పోయి, తడిసిన మూట తీసేసి పొడి ఇసుక మూట పెట్టి వస్తున్నాను. బజారులో అంగళ్ళన్నీ వానకు పెందలాడే మూసేస్తున్నారు. ఇవాళ మబ్బు పట్టి సాయంత్రానికే చీకటి పడింది. ప్రణీత లేచి షట్టరు కొక్కెం చేతిలోకి తీసుకుంది.

"ఇంక వేసేద్దామా నాన్నా? బస్సులు కూడా లేవు."

"ఉండనీ" అన్నాను. "అది ఇంకా పేలలేదు కదా."